ఇచ్చోడలో దొరకని పచ్చీసు

రెండువందల పద్నాలుగో ఫిర్యాదు ఇప్పటికీ మూసే ఉంది. దాని పక్కన "టెస్టర్ పొరపాటు" అని రాసి ఉంది. ఆ టెస్టర్ని నేను. పొరపాటు నాది కాదు. చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ళకు కూడా ఈ సంగతి తెలియాలని దీంతోనే మొదలుపెడుతున్నాను.

వీడియో గేముల తయారీ నేర్చుకునే పిల్లలు ఈమధ్య నన్ను కరీంనగర్‌లోని తమ కాలేజీకి పిలిచారు. అనుభవాలు చెప్పమని పిలిచి, మైకు మాత్రం చివరి పది నిమిషాలకు ఇచ్చారు. అంతకుముందు గంటసేపు దీపం వెలిగించడం, పూలగుత్తులు ఇవ్వడం, పూలగుత్తులు ఇచ్చినవాళ్ళకు మళ్ళీ పూలగుత్తులు ఇవ్వడం జరిగింది. ఆ పది నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

ఆటలు పరీక్షించే ఉద్యోగమంటే పొద్దంతా ఆడుకోవడమని మీరు అనుకుంటారు. కాదు. ఒకే మెట్టు రెండువందల సార్లు ఎక్కి, రెండువందల ఒకటోసారి కాలు జారితే ఎందుకు జారిందో రాయడం ఆ పని. అవతలివాడు కాదనలేనట్టు రాయాలి. దీన్ని మీరు బగ్ అంటారు. నేను ఫిర్యాదు అంటాను. ఎందుకంటే అంతకుముందు ఇరవై నాలుగేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఫిర్యాదుల కౌంటరు దగ్గర కూర్చున్నాను. జనం అరిచినవన్నీ విని నంబరేసి రాసుకునేదాన్ని. ముందే రిటైర్మెంటు తీసుకుని బయటికొచ్చాక, ఫిర్యాదులు వినడం కన్నా చేయడంలోనే హాయి ఉందని తెలిసింది. జీతం ఇచ్చి మరీ చేయమన్నారు.

మా ఆఫీసు కరీంనగర్‌లో ఒక టైల్స్ దుకాణం మీద రెండో అంతస్తులో ఉండేది. హైదరాబాదులో ఉన్న చిన్న కంపెనీకి అది కొమ్మ. మొత్తం ఆరుగురం. నన్ను తీసుకున్నది ఆటల్లోని తెలుగు సరిచూడటానికి. మొదటిరోజు మా టీం లీడర్ నన్ను చూసి, "రాండ్రి ఆంటీ, గాడ కూసోండ్రి" అని ఏసీ నీళ్ళు కారే చోట కుర్చీ చూపించాడు. అతనిది నస్పూర్. వాళ్ళ బాపు బొగ్గుబావిలో పని చేసి దిగిపోయినవాడు. మంచి పిల్లాడే. కానీ ఆంటీ అన్నాడు.

"నేను నీకు ఆంటీ ఎట్లయిత బాబూ? మీ బాబాయి మా ఇంట్ల ఉన్నడా?" అన్నాను.

"అయ్యో, గట్ల గాదు... మరి ఏమనాలె?"

"మేడం అను."

అప్పటినుంచి మేడం అన్నాడు. ఏసీ మాత్రం మూడేళ్ళు కారింది. అది నా మొదటి ఫిర్యాదు. ఆటల ఫిర్యాదులు రాసే పట్టికలోనే రాశాను, వేరే చోటు ఎవరూ చూపించలేదు కాబట్టి. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని వల్లే దెబ్బ తిన్నాను.

నేను చెప్పబోయే సంవత్సరంలో మా కంపెనీ నాలుగు ఆటలు విడుదల చేసింది. సంవత్సరం మొదట్లో ఘాటు రోడ్డు మీద బస్సు నడిపే ఆట. బాగుండేది, కానీ బరువైనది. మా వైపు ఫోన్లలో ఖాళీ ఎక్కడిది? చుట్టాల పెళ్ళి వీడియో ఒకటి వచ్చిందంటే ముందు ఎగిరిపోయేది ఆటే. ఆ సంగతి ముందే రాశాను. "పరిశీలిస్తాం" అన్నారు. ఎండాకాలంలో క్రికెట్ ఆట. అదే వారం దేశంలోని కంపెనీలన్నీ క్రికెట్ ఆటలే వదిలాయి. మాది ఎక్కడుందో మాకే వెతికితే దొరకలేదు. వానాకాలంలో తెలుగు పదాల ఆట. దాన్ని సార్లు, టీచర్లు తెగ పొగిడారు. పొగిడినవాళ్ళు చాలామంది, ఆడినవాళ్ళు కొద్దిమంది.

బయటి లోకంలో ఆ ఏడాది సంగతులు హైదరాబాదు నుంచి మా పెద్దసారు ప్రతి సోమవారం వీడియోలో చెప్పేవాడు. పెద్ద నగరాల్లో టీవీకి తగిలించి ఆడే ఖరీదైన ఆటలు, వాటి విడుదలలు వాయిదా మీద వాయిదా పడటం, ఆట గెలిచినా తయారుచేసినవాళ్ళను ఇంటికి పంపే విదేశీ కంపెనీలు, ఊరికే ఇచ్చి మధ్యలో ప్రకటనలు చూపించే ఫోన్ ఆటలు. ఆఖరికి ఒక సోమవారం, "ఇప్పుడు ట్రెండంతా లోకల్" అన్నాడు. నేను అంతకుముందు సంవత్సరమే నూట పదకొండో ఫిర్యాదులో పచ్చీసు ఆట చేయమని రాశాను. దాన్ని "ఇది ఫిర్యాదు కాదు" అని మూసేశారు. ఇప్పుడు ఆయనే కనిపెట్టినట్టు, "మనం పచ్చీసు చేద్దాం" అన్నాడు. నేను చప్పట్లు కొట్టలేదు. తక్కిన ఐదుగురూ కొట్టారు. ఎవరెవరు ఎంత గట్టిగా కొట్టారో కూడా నాకు గుర్తుంది.

పచ్చీసు మా ఇళ్ళలో నేల మీద పటం గీసి గవ్వలతో ఆడే ఆట. నలుగురికి నాలుగేసి కాయలు. అవతలివాళ్ళ కాయ దొరికితే చంపాలి, మన కాయను చావకుండా నడిపించి నడిమింట్లోకి తేవాలి. తయారీ మొదలైన మొదటి వారంలోనే గొడవ వచ్చింది. కాయ నడిమింటికి చేరగానే తెర మీద "మీ టోకెన్ గమ్యస్థానానికి చేరుకుంది" అని పడింది.

"దీంట్ల తప్పేమున్నది మేడం? మంచి తెలుగే గదా," అన్నాడు టీం లీడర్.

"మంచి తెలుగే. పచ్చీసు తెలుగు కాదు. కాయ పండింది అనాలె."

"కాయ ఎట్ల పండుతది?"

"మీ నస్పూర్ల పచ్చీసు ఆడరా?"

"క్యారమ్స్ ఆడుతం మేడం. క్లబ్బుల."

అవతలి బల్ల మీద బొమ్మలు గీసే అమ్మాయి తలెత్తింది. కరీంనగర్ అమ్మాయే. వాళ్ళాయనకు బజారులో చెప్పుల దుకాణం ఉంది. "అరె భయ్, మా అమ్మీ భీ కాయ పండిందనే అంటది. రాసెయ్ జల్దీ. లేకపోతే మేడం ఇంకో పది కంప్లైంట్లు రాస్తది," అంది.

రాశాడు. తర్వాత గొంతు గొడవ. హైదరాబాదు నుంచి ఒక తీయటి గొంతు తెప్పించారు. కాయ చస్తే ఆ గొంతు "ఓహో, మీ కాయ తొలగించబడింది" అనేది. ఆ ఒక్క వారంలోనే నేను ఆ గొంతు మీద పదహారు ఫిర్యాదులు రాశాను. పదిహేడోది రాస్తుంటే టీం లీడర్ లేచొచ్చి మైకు నా ముందు పెట్టాడు.

"మీరే చెప్పుండ్రి మేడం. నాకు ఇగ ఓపిక లేదు."

చెప్పాను. మా ఇంట్లో ఎట్లా ఆడతామో అట్లానే చెప్పాను. "సచ్చింది పో నీ కాయ." "ఏం గుడ్లప్పగిచ్చి చూస్తున్నవ్, గవ్వలెయ్యి." "గెల్చినవ్ తీ, గింత సంబురపడకు." బొమ్మలమ్మాయి నవ్వాపుకోలేక బల్ల మీద పడిపోయింది. ఆటలో ఇప్పటికీ అదే గొంతు ఉంది. గొంతు ఎవరిదో మాత్రం ఆటలో ఎక్కడా వేయలేదు. తయారుచేసినవాళ్ళ జాబితాలో టీ తెచ్చే దుకాణం పేరు కూడా ఉంది, నా పేరు లేదు.

ఇక అసలు సంగతి.

మా తమ్ముడిది ఆదిలాబాద్ వైపు ఇచ్చోడ. పదకొండేళ్ళ నుంచి మస్కట్‌లో భవనాలకు పైపులు బిగించే పని. రెండేళ్ళకోసారి వస్తాడు. వచ్చిన నెలరోజులూ వాడూ మా మరదలూ చేసే పని ఒక్కటే, పత్తి చేను చూసొచ్చి పచ్చీసుకు కూర్చోవడం. నడింట్లో నేల మీద రంగుతో పటం గీసే ఉంటుంది, తుడిచినా పోదు. పోయినసారి వాడు ఎయిర్‌పోర్టుకు బయలుదేరేటప్పుడు జీపొచ్చి హారను కొడుతుంటే ఇద్దరూ ఆట మధ్యలో ఉన్నారు. వాడు లేవక తప్పలేదు. ఏ కాయ ఎక్కడుందో మా మరదలు క్యాలెండరు కాగితం వెనక గీసి దాచిపెట్టింది. "నాయి రెండు కాయలు పండినయ్, ఆయనది ఒక్కటే. అచ్చినంక గాడికెళ్ళే మొదలు," అనేది.

మేము పచ్చీసు చేస్తున్నామని తెలిసి ఒకటే అడిగింది.

"వదినె, గా ఆట ఫోన్ల వస్తే నేను ఈడ, ఆయన ఆడ ఉండి ఆడొచ్చా?"

"ఆడొచ్చు పిల్లా. అందుకే చేస్తున్నం."

అందుకే చేయలేదు, పెద్దసారు ట్రెండు కోసం చేశాడు. కానీ ఆ మాట ఇచ్చేశాను. విడుదలకు నెల ముందు, ముందుగా ఆడి చూసేవాళ్ళకిచ్చే లింకు ఒకటి దానికి పంపాను. పది నిమిషాల్లో ఫోనొచ్చింది.

"వదినె, నేను ఏ దేశంల ఉన్న?"

"ఏమైందే?"

"గీ ఆట మీ దేశంల దొర్కదు అని వస్తున్నది. ఇచ్చోడ ఎప్పుడు వేరే దేశమాయె?"

నేను అదే లింకు నా ఫోన్లో నొక్కాను, ఆట వచ్చింది. బొమ్మలమ్మాయి ఫోన్లో నొక్కాను, వచ్చింది. ఇచ్చోడలోనే ఏదో తేడా ఉందనుకుని ఫిర్యాదు రాశాను. అదే రెండువందల పద్నాలుగు. "ఇచ్చోడలో ఆట దొరకడం లేదు" అని శీర్షిక పెట్టాను.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఆ ఫిర్యాదు మొదట్లో రెండు వాక్యాలే ఇచ్చోడ గురించి ఉన్నాయి. తర్వాత పేజీన్నర ఏసీ నీళ్ళ గురించి, జాబితాలో నా పేరు లేకపోవడం గురించి, నూట పదకొండో ఫిర్యాదును మూసిన తీరు గురించి రాశాను. చదవడం మొదలుపెట్టినవాడు ఏసీ దగ్గర ఆగిపోయి ఉంటాడు. పెద్దసారు హైదరాబాదులో కూర్చుని "ఇతర ఫోన్లలో వస్తోంది. టెస్టర్ పొరపాటు" అని మూసేశాడు. మా పట్టికలో మూసినవాళ్ళే తిరిగి తెరవాలి. నాకు తెరిచే హక్కు లేదు.

దసరాకు ముందు వారం పచ్చీసు విడుదలైంది. మా పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పేరు చెప్పుకునే వదిలారు. కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ బస్టాండ్లలో పోస్టర్లు అంటించారు. ఆఫీసులో లడ్డూలు పంచారు. గోడకు పెద్ద తెర పెట్టి, ఎక్కడెక్కడ జనం ఆట దించుకుంటున్నారో చుక్కలు పడేట్టు చేశారు. ఖమ్మంలో చుక్కలు పడ్డాయి. వరంగల్‌లో పడ్డాయి. ఎక్కడి అనంతపురం, అక్కడా పడ్డాయి. మా వైపు మాత్రం బొట్టూబొట్టుగా అక్కడొకటి ఇక్కడొకటి. జగిత్యాల దాదాపు ఖాళీ. ఇచ్చోడ వైపు ఏమీ లేదు.

పది రోజులు చూసి పెద్దసారు వీడియోలోకి వచ్చాడు.

"మీ ప్రాంతం ఆట అని మొదలుపెట్టాం. మీవాళ్ళే ముట్టుకోవట్లేదు. మీ జనానికి గేముల మీద ఆసక్తి లేదండీ, అంతే. ఇంక అక్కడ ఆఫీసు పెట్టుకుని లాభం ఏముంది? డిసెంబరు చివరికి మూసేసి అందరూ హైదరాబాదు వచ్చేయండి."

 బొమ్మలమ్మాయి ఒళ్ళో చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఎనిమిది నెలల బిడ్డను, దుకాణాన్ని వదిలి ఆమె ఎక్కడికి పోతుంది? టీం లీడర్ హైదరాబాదులో ఉద్యోగం మానేసి, ఇక పోనని ఇంట్లో మాటిచ్చి వచ్చినవాడు. యాభై నాలుగేళ్ళ నన్నైతే ఆ "అందరూ"లో లెక్కే పెట్టలేదని తర్వాత తెలిసింది. అది వేరే ఫిర్యాదు.

"రెండువందల పద్నాలుగు చదివిండ్రా?" అన్నాను.

టీం లీడర్ నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మేడం, దండం పెడత. ఆఫీసే పోతున్నది, ఇప్పుడు గూడ ఆ ఏసీ లొల్లేనా?"

అతను ఏసీ అనే అనుకున్నాడు. అనుకునేట్టు చేసింది నేనే. అయినా రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున మా మరదలు ఫోన్ చేసింది.

"వదినె, నీ ఆట సంగతి నాకు సమజయింది."

"ఏం సమజయింది?"

"మా గల్లీల అందరి ఫోన్లు చూసిన. ఆదిలాబాద్ల కొన్న ఫోన్ల ఆట వస్తున్నది. మస్కట్ నుంచి, దుబాయ్ నుంచి పంపిన ఫోన్ల వస్తలేదు. ఒక్కదాంట్ల గూడ వస్తలేదు."

నేను కుర్చీలోంచి లేచాను. ఇరవై నాలుగేళ్ళు ఫిర్యాదులు రాసుకున్నదాన్ని, మూడేళ్ళు ఫిర్యాదులు చేసినదాన్ని, నాకు తట్టలేదు. పత్తి ఏరుకునే మనిషికి తట్టింది.

మా వైపు ఫోనెట్లా వస్తుందో మీకు తెలుసు. గల్ఫ్‌లో ఉన్నాయన అక్కడే కొని, అక్కడి దుకాణంలోనే అన్నీ నింపించి, తన పేరు మీదే ఖాతా తెరిచి, ఊరికొచ్చే మనిషి సంచిలో పెట్టి పంపుతాడు. ఇక్కడ సిమ్ము వేసుకోవడమే. మనిషి ఇచ్చోడలో ఉంటుంది, ఫోను మాత్రం తాను ఇంకా మస్కట్‌లోనే ఉన్నాననుకుంటుంది. ఆటలు దించుకునే అంగడి కూడా మస్కట్ అంగడే తెరుచుకుంటుంది. మేమేమో ఆట ఏయే దేశాల్లో దొరకాలో అడిగే జాబితాలో భారతదేశం ఒక్కటే టిక్కు పెట్టాం. టిక్కు పెట్టింది టీం లీడర్. ఒక్కో దేశానికీ ఇంకొన్ని ఫారాలు నింపాలి, తొందరగా కానియ్యమన్నది పెద్దసారు. నస్పూర్ పిల్లాడికి గల్ఫ్ ఫోన్ల సంగతి ఎట్లా తెలుస్తుంది? బొగ్గుబావి జీతంతో మంచిర్యాల దుకాణంలో కొన్న ఫోన్లు వాళ్ళవి. నా తమ్ముడు అక్కడే ఉన్నాడు, నాకు తెలియాలి. తెలియలేదు.

చెప్పాను. అతను నమ్మీ నమ్మనట్టు చూశాడు. "ఆదివారం పోయి చూద్దాం మేడం. నా కండ్లతోని చూస్త," అన్నాడు. బొమ్మలమ్మాయి కూడా బిడ్డను అత్త దగ్గర వదిలి కారెక్కింది. జగిత్యాల, నిర్మల్ మీదుగా పోయాం. దారంతా నేను వెనక సీట్లో కూర్చున్నాను. ముందు కూర్చోమని ఎవరూ అనలేదు.

మా మరదలు వాకిట్లో చాప పరిచి, గల్లీ ఆడవాళ్ళందరినీ ఫోన్లతో సహా కూర్చోబెట్టింది. పదమూడు ఫోన్లు వరసగా పెట్టించింది. బట్టల దుకాణంలో గుడ్డలు పరిచినట్టుంది. టీం లీడర్ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటే తీశాడు.

"ఇదేడిది అక్కా?"

"మస్కట్‌ది."

నొక్కాడు. దొరకదు.

"ఇది?"

"ఆదిలాబాద్ల కొన్నం. ఈఎంఐల మీద."

నొక్కాడు. దొరికింది.

"ఇది?"

"దుబాయ్. మా కొడుకు రెండోసారి పోయినప్పుడు పంపిండు. వాని జాతకం గూడ చెప్పుమంటవా, తెరిచి చూసుకుంటవా?" అంది ఒక ముసలావిడ. అందరూ నవ్వారు.

పదమూడింటిలో తొమ్మిదింట్లో ఆట లేదు. చివరి ఫోను చాప మీద పెట్టి అతను అట్లాగే కూర్చుండిపోయాడు. "మన జనానికి ఆసక్తి లేదన్నడు మేడం. మనం దుకాణం తాళమేసి, గిరాకీ లేదనుకున్నం," అన్నాడు. ఆ మాటకు నేను ఆ మొదటిరోజు ఆంటీ పిలుపును క్షమించేదాన్నే, కానీ వెంటనే "మీరు ముందే చెప్పాల్సింది మేడం" అన్నాడు.

"రెండువందల పద్నాలుగు," అన్నాను.

బొమ్మలమ్మాయి అతని భుజం మీద కొట్టింది. "చెప్పింది భయ్, నువ్వే సదవలే. పఢ్‌నే కా."

అక్కడే అరుగు మీద ల్యాప్‌టాప్ తెరిచాడు. గల్ఫ్ దేశాలకు టిక్కులు పెట్టాడు. కానీ పెద్దసారు ఒప్పుకుంటే తప్ప అది ముందుకు పోదు. ఫోన్ చేసి అందరికీ వినబడేట్టు పెట్టాడు. జరిగిందంతా చెప్పాడు.

"ఒక ఊళ్ళో పదమూడు ఫోన్లు చూసి మార్కెట్ మార్చమంటావా?" అన్నాడు పెద్దసారు. "ఆ ఫారాలన్నీ నింపాలంటే ఎంత పని? గల్ఫ్‌లో కూర్చుని తెలుగు పచ్చీసు ఎవడాడతాడయ్యా?"

టీం లీడర్ ఏదో అనబోయాడు. మా మరదలు అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"నా మొగడు ఆడుతడు సారూ."



"ఎవరమ్మా మీరు?"

"నేను ఇచ్చోడ నుంచి మాట్లాడుతున్న. నా మొగడు మస్కట్ల ఉంటడు. నాకు రెండు కాయలు పండినయ్, ఆయనకు ఒక్కటే పండింది. ఏడాదిన్నర అయితున్నది, ఆట అట్లనే ఉన్నది. మీ ఆటల ఆడుదమని చూస్తే మీ దేశంల దొర్కదు అంటున్నది. నేను ఏ దేశంల ఉన్న సారూ?"

చాప మీద ఉన్నవాళ్ళు ఎవరూ నవ్వలేదు. ముసలావిడ ముందుకు వంగి, "నా కొడుకు గూడ ఆడుతడు. వాడు దుబాయ్," అని ఫోన్లోకి అరిచింది. ఇంకొకామె, "మా ఆయన గూడ. సౌదీ." అట్లా ఒక్కొక్కరే చెప్పారు, ఓట్ల లెక్కింపులా.

పెద్దసారు నవ్వాడు. నవ్వులో చిరాకు ఉంది, ఇంకేదో కూడా ఉంది. "సరే పెట్టండి. ఒక నెల చూస్తాను. కదలకపోతే డిసెంబరు డిసెంబరే."

ఆ సాయంత్రం మా మరదలు జొన్నరొట్టెలు పెట్టింది. ముగ్గురం తిన్నాం. టీం లీడర్ నడింట్లో నేల మీది పటం చూసి, "కాయ పండుడంటే గిదేనా?" అని అడిగాడు. ఆటంతా తయారుచేసినవాడు పటాన్ని మొదటిసారి అప్పుడే చూశాడు. ఇది కూడా పట్టికలో రాశాను.

ఫారాలు నింపి, ఆ అంగళ్ళు ఒప్పుకునేసరికి పన్నెండు రోజులు పట్టింది. తర్వాత కూడా గురువారం దాకా తెర మీద పెద్ద కదలిక లేదు. శుక్రవారం పొద్దున మేము వచ్చేసరికి తెర మీద గల్ఫ్ వైపంతా చుక్కలే. మస్కట్, దుబాయ్, కువైట్, దోహా. ఇటు జగిత్యాల, నిర్మల్, ఇచ్చోడ. ఏ చుక్క ఏ చుక్కతో ఆడుతోందో గీతలు కూడా పడ్డాయి. హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది, "శుక్రవారమే ఎందుకు పెరిగింది? ఏదైనా ఆఫర్ ఇచ్చారా?" అని.

"ఆఫర్ కాదు సార్, శుక్రవారం వాళ్ళకు సెలవు," అన్నాను. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి ఎవరి అనుమతీ తీసుకోలేదు.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా! గా ఆటల తిట్టేది నువ్వేనా?"

"నేనే. ఎందుకు?"

"మా రూంల తొమ్మిది మందిమి. ఎవని కాయ సచ్చినా నువ్వు తిడుతుంటే పడిపడి నవ్వుతున్నరు. మెట్‌పల్లి ఆయనైతే కావాల్నని ఓడిపోతుండు. మా అవ్వ గిట్లనే తిట్టేది అంటుండు."

"నీ పెండ్లాంతోని ఆడినవా?"

"ఆడిన అక్కా. క్యాలెండర్ మీద గీసింది ఫోటో తీసి పంపింది. ఆ కాడికి అచ్చేదాంక ఇద్దరం కావాల్నని అట్లట్ల నడిపిచ్చుకున్నం. గాడికెళ్ళి మొదలువెట్టినం."

"ఎవరు గెల్చిండ్రు?"

"అదెందుకు అడుగుతవ్ తీయ్."

ఆఫీసు మూయలేదు. తర్వాతి ఏడాదికి ఇంకో ఆట ఇచ్చారు, ఇద్దరిని కొత్తగా తీసుకున్నారు. ఒకరు జగిత్యాల, ఒకరు ఉట్నూర్. ఏసీ కూడా బాగుచేయించారు. నేను చెప్పినందుకు కాదు, కింద టైల్స్ దుకాణం సీలింగు నుంచి నీళ్ళు కారినందుకు.

సంవత్సరాంతపు సమావేశానికి అందరినీ హైదరాబాదు పిలిచారు. పెద్దసారు తెర మీద ఆ ఏటి విడుదలలు, మార్కెట్ పోకడలు చూపించాడు. పచ్చీసు దగ్గర పెద్ద అక్షరాలతో "గల్ఫ్ వ్యూహం" అని ఉంది. వలస కుటుంబాలు ఒక విడదీయరాని మార్కెట్ అని తాను ముందే గుర్తించానన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను లేచాను.

"సార్, రెండువందల పద్నాలుగు తెరవండి."

"అదేంటండీ?"

"మీరు మూసిన ఫిర్యాదు. అందులో 'టెస్టర్ పొరపాటు' అని ఉంది. అది మార్చి 'సరిచేశాం' అని రాయండి."

"మేడం, పని అయిపోయింది కదా. పాతవి తవ్వడం దేనికి?"

"పని అయింది. రాత అవలేదు."

టీం లీడర్ కూడా లేచాడు. "సార్, మేడం చెప్పేది నిజం. అది మా పొరపాటు. టిక్కు వెట్టింది నేను," అన్నాడు. హాలంతా మా వైపు చూసింది. మూడేళ్ళలో అతను నా పక్కన నిలబడ్డది అదొక్కసారి. అది నేను వేరే పుస్తకంలో, మర్చిపోకూడని మంచివాటిలో రాసుకున్నాను. ఆ పుస్తకం పల్చనిది.

పెద్దసారు "తప్పకుండా చేద్దాం" అన్నాడు. చేయలేదు. తర్వాతి వేసవిలో వేరే కంపెనీకి పోయాడు. ఆయన ఖాతా తీసేశారు. మూసినవాళ్ళే తెరవాలి, మూసినవాళ్ళు లేరు. నేను రిటైరయిన రోజున శాలువా కప్పి ఏం కావాలో అడిగితే అదే అడిగాను. టీం లీడర్ గంటసేపు ప్రయత్నించి, "అయితలేదు మేడం, ఇగ ఎన్నటికీ కాదు," అన్నాడు. శాలువా ఇంటికి తెచ్చి విప్పితే లోపల ధర చీటీ అట్లాగే ఉంది.

పిల్లలూ, మీరు కూడా ఫిర్యాదులు రాస్తారు. ఏసీ గురించి వేరే కాగితం మీద రాయండి. ఫోన్ మీది కాకపోతే అది ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో అడగండి. ఇంతకన్నా నాకు ఉపదేశాలు రావు.

పోయిన శుక్రవారం మా మరదలు ఫోన్ చేసింది.

"వదినె, గీ ఆట మంచిగ లేదు."

"ఏమైంది?"

"ఆయన నా కాయను చంపితే నువ్వు 'సచ్చింది పో' అని నన్నే తిడుతున్నవ్. చంపినోన్ని ఏమంటలేవు. నీ తమ్ముడని చూసుకుంటున్నవా? దీని మీద ఎవరికి రాయాలె?"

"చెప్పు, నేనే రాసుకుంట," అన్నాను. పాత అలవాటు కొద్దీ నంబరు వేసి పుస్తకంలో రాసుకున్నాను. గెలిచినవాళ్ళను తిట్టడానికి ఇంకో మాట రికార్డు చేయాలి, దానికి టీం లీడర్‌ను అడగాలి, అతను మళ్ళీ హైదరాబాదును అడగాలి. కాసేపు ఆలోచించి, దాని పక్కన "ఆడేవాళ్ళ పొరపాటు" అని రాసి మూసేశాను.

సంగతి తెలిసి మా మరదలు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడిన రోజున మొదటి మాటే, "గా కంప్లైంట్ నంబరు నాకు యాదికున్నది వదినె," అంది.